వసంతానికి పెట్టిన బొట్టు

ఈ సంగతి నేను ముప్పై ఏళ్ళ కిందటే రాసి ఉండవలసింది. రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, నాకు రాయడం రాదు. మా ఊళ్ళో బడి లేక కాదు, మాస్టారు కొడతాడని భయపడీ కాదు. నాకు ఎనిమిదేళ్ళు వచ్చేసరికే పొగాకు గ్రేడింగులో నా వేళ్ళకి మంచి పేరు వచ్చింది. ఆకు తడిమి చూసి, కళ్ళు మూసుకుని, ఇది ఏ రకమో చెప్పేదాన్ని. అలాంటి వేళ్ళకి బలపం ఇవ్వడం దండగ అని ఇంట్లో అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ వేళ్ళకి బలపం దొరికేసరికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. న్యూజెర్సీ పిస్కాటవేలో మా ఇంటి దగ్గర గుడి బేస్‌మెంట్‌లో ఆదివారం పూట పిల్లలకి తెలుగు చెప్తారు. మొదటి రెండు వారాలు పులిహోర పంచడానికి వచ్చినట్టు నటించి వెనక కుర్చీలో కూర్చున్నాను. మూడోవారం టీచరమ్మ (సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే వరంగల్ అమ్మాయి) నా సంగతి కనిపెట్టేసింది. "ఆంటీ, వెనకెందుకు, ఫ్రంట్‌ల కూర్చోండి, బోర్డు మంచిగ కనిపిస్తది" అంది. ముందు వరసలో నా పక్కన ఆరేళ్ళ పిల్ల. నా పలకలోకి తొంగిచూసి, "ఆంటీ, నీ 'క' అప్‌సైడ్ డౌన్ ఉంది. ఇట్స్ ఓకే, నాది కూడా ఫస్ట్‌లో అలాగే ఉండింది" అని ఓదార్చింది. ఆ పిల్ల ఓదార్పుతోనే నేను గుణింతాలు దాటాను.

ఆ రోజుల్లో, అంటే నేను న్యూజెర్సీకి కొత్తగా వచ్చిన రోజుల్లో, చదువు రానివాళ్ళు చాలామందే ఉండేవారు గాని, చదువు వచ్చినట్టు కనిపించడానికి నా అంత కష్టపడినవాళ్ళు ఉండరు. ఇరవై నాలుగేళ్ళ వయసులో, వీధి చివర చెట్టు మీద పిట్ట కనిపించే కళ్ళతో, ఎవరు ఏ కాగితం ఇచ్చినా "అయ్యో, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను" అనేదాన్ని. నాకు కళ్ళజోడే లేదు. (తరవాత నిజంగా వచ్చినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు.) ఇండియా నుంచి ఎవరైనా వారపత్రిక తెస్తే ఒళ్ళో పెట్టుకుని పేజీలు తిప్పేదాన్ని. బొమ్మలో మనుషులు నిటారుగా నిలబడి ఉంటే పత్రిక సరిగ్గా పట్టుకున్నట్టే. వాళ్ళు నవ్వుతుంటే నేనూ నవ్వేదాన్ని. ఈ రహస్యం మా ఆయనకొక్కడికే తెలుసు. ఆయన ఒక ఇండియన్ రెస్టారెంటులో వంట చేసేవాడు. ఆయన కూడా దీన్ని గుట్టుగానే ఉంచాడు. నా మీద జాలితో అనుకునేరు. ఇంటికి ఉత్తరం రాసేటప్పుడు నేను చెప్పింది సగం, తనకి తోచింది సగం కలిపి రాసుకునే సౌకర్యం పోతుందని.

నాకు ఉద్యోగం ఇప్పించింది మా పిన్ని. అంటే అమ్మకి పెద్దమ్మ కూతురు, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, ఇంటర్ దాకా చదివింది. ఆమె అప్పటికే పక్క ఊళ్ళో పటాలు కట్టే ఒక చిన్న షాపులో పనిచేస్తోంది. షాపు యజమాని ముసలి అమెరికన్. ఎండలోనూ మంచులోనూ గళ్ళచొక్కా తప్ప వేసుకోడు, అందుకని మేమిద్దరం ఆయన్ని గళ్ళచొక్కా అనేవాళ్ళం. (ఆయన ఎదురుగానే. తెలుగు రాదు కదా.) "నువ్వు చీపురు పట్టు, అద్దాలు తుడువు, చెక్కలకి ఇసక కాగితం రుద్దు. ఇంగ్లీషు గొడవ నేను చూసుకుంటా" అంది పిన్ని. తెలుగు గొడవ కూడా నీ మీదే ఉందని నేను చెప్పలేదు. పిన్ని దగ్గర మరీ చెప్పలేను. ఆమె దృష్టిలో చదువు రాకపోవడమంటే ఒళ్ళు శుభ్రంగా ఉంచుకోకపోవడం లాంటిది.

షాపు వెనక కాగితాల గది ఉండేది. చిరిగిన పాత ఫొటోలు, మడతలు పడ్డ బొమ్మలు, తాతల నాటి పెళ్ళి సర్టిఫికెట్లు అక్కడికి వచ్చేవి. పిన్ని గోధుమ పిండిని గంజిలా కాచి, గుడ్డలో వడగట్టి, ఆ జిగురుతో చిరుగు వెనక ఈగ రెక్క లాంటి కాగితం అతికించేది. ఎదుటి నుంచి చూస్తే చిరుగు ఎక్కడుందో దేవుడు కూడా చెప్పలేడు. గళ్ళచొక్కా ఆ బల్ల మీద ఇంకెవరినీ చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. "నీ చేతులకి చప్పుడు లేదు" అన్నాడట పిన్నితో. అంతేకాదు, న్యూయార్కులో పాత కాగితాలు బాగుచేసే పెద్దావిడ ఒకామె దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే నెల నుంచి వారానికి ఒకరోజు పంపిస్తానన్నాడు. పిన్ని ఆ కబురు నాకు రోజుకి రెండుసార్లు చెప్పేది.

"పొద్దున్నే రైలెక్కాలే. బాక్సు కట్టుకుని."

"ఏం కట్టుకుంటావు పిన్నీ?"

"పప్పన్నం వద్దు, అందరూ చూస్తారు. శాండ్‌విచ్ చేసుకుంటా. లోపల గోంగూర రాస్తా. పైకి ఏం తెలుస్తుంది?"

ఇక నా ఉద్యోగంలో గొప్ప భాగం చెప్పాలి. చుట్టుపక్కల మనవాళ్ళు దేవుడి పటాలు కట్టించుకోవడానికి మా షాపుకే వచ్చేవారు. మొదటిసారి ఒక లక్ష్మీదేవి పటం తయారైనప్పుడు పిన్ని, "బొట్టు లేకుండా అమ్మవారిని గడప దాటిస్తామా, పెట్టవే" అంది. పటం కట్టి, అద్దం బిగించాక, నేను వేలు నీళ్ళలో ముంచి, కుంకుమలో అద్ది, అద్దం మీద సరిగ్గా నుదుటి చోట పెట్టాను. పటం తీసుకోవడానికి వచ్చినావిడ కళ్ళు చెమర్చాయి. పై వారం ఇద్దరు చెల్లెళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. ఈ ఎర్రచుక్క ఏమిటని గళ్ళచొక్కా అడిగితే, "ఫినిషింగ్" అని చెప్పింది పిన్ని. అప్పటినుంచి మన పటం ఏది తయారైనా ఆయన నా వైపు చూసి, గంభీరంగా, "ఫినిషింగ్" అనేవాడు. అమెరికాలో నాకు దక్కిన మొదటి హోదా అది. చదువుతో పనిలేని హోదా.

ఒక శుక్రవారం. పిన్ని మధ్యాహ్నం బ్యాంకుకి వెళ్ళింది. నేను ఊడ్చుకుంటూ కాగితాల గదిలోకి వెళ్ళాను. బల్ల మీద, దీపం కింద, పొడుగాటి పటాలు నాలుగు వరసగా పరిచి ఉన్నాయి. అలాంటివి నేను అంతకుముందు చూడలేదు. ఒక్కో పటంలో ఒక్కో ఆడమనిషి. జుట్టు తీగలు తీగలుగా తిరిగి, పటమంతా పాకి, మళ్ళీ భుజం దగ్గరికి వచ్చింది. తల నిండా పువ్వులు. తల వెనక గుండ్రంగా ప్రభ. చెయ్యి ఎత్తకుండా ముగ్గు వేసినట్టు ఎక్కడా తెగని గీత. ఒకామె దగ్గర పూలకొమ్మ, ఒకామె దగ్గర ద్రాక్షగుత్తి, ఒకామె చలికి ముసుగు కప్పుకుంది. మరో విశేషం, వాటి మీద అక్షరం ముక్క లేదు. ఆ షాపుకొచ్చే బొమ్మల్లో ఏదో ఒక మూల అక్షరాలు కూర్చుని నన్నే చూస్తుండేవి. వీటిలో లేవు. వీళ్ళెవరో నా తరఫువాళ్ళు అనిపించింది. శుక్రవారం, నలుగురు ముత్తైదువులు, తలల వెనక ప్రభలు. అష్టలక్ష్ముల్లో సగం మంది వచ్చారు, మిగతా నలుగురు రేపొస్తారు కాబోలు అనుకున్నాను.

పూలకొమ్మ పట్టుకున్నామె పాదాల మీద ఒక చీటీ ఉంది. పిన్ని చేతిరాత అని తెలుస్తూనే ఉంది, నల్లగా, లావుగా. పటం తెచ్చినవాళ్ళ పేరు అనుకున్నాను. పాదాలు కనిపించడం లేదని చీటీని భక్తిగా పక్కకి జరిపాను. గిన్నెలో నీళ్ళు, భరిణెలో కుంకుమ తెచ్చుకుని, వేలు తడిపి అద్ది, ఆమె నుదుట పెట్టాను.

వేలికి చల్లగా అద్దం తగలాలి. మెత్తగా తగిలింది.

ఆ మెత్తదనం నా వేలికి ఇప్పటికీ గుర్తుంది. పొగాకు ఆకునే తడిమి చెప్పే వేలు, ఆ ఒక్కసారి ఒక్క క్షణం ఆలస్యంగా చెప్పింది. కంగారులో చున్నీతో తుడిచాను. తుడిస్తే పోయేదా. గుండ్రటి బొట్టు కాస్తా చెదిరి, పొడి రాలి ఎవరో అజాగ్రత్తగా చేత్తో రాసినట్టు, నుదురంతా ఎర్రగా పాకింది. మహాలక్ష్మి కాస్తా గుమ్మం తగిలి తల చిట్లినదానిలా తయారైంది. అప్పుడు నేను చేసిన పని ఏమిటంటే, చీటీని తీసి, జాగ్రత్తగా, ఆమె పాదాల మీద ఎక్కడుందో అక్కడే పెట్టి, చీపురు పట్టుకుని ముందు గదిలోకి వచ్చేశాను. అప్పటికే శుభ్రంగా ఉన్న గదిని మళ్ళీ ఊడ్చాను.

పిన్ని వచ్చి చూసింది. కేకలేమీ వేయలేదు. దీపం దగ్గరికి లాక్కుని, వంగి, చాలాసేపు చూసింది. తరవాత తనే వెళ్ళి గళ్ళచొక్కాని పిలుచుకొచ్చింది. ఆయన ముందు పటం నుదురు చూశాడు. తరవాత మా ఇద్దరి నుదుళ్ళూ చూశాడు. నాది ప్యాకెట్ స్టిక్కర్, కందిగింజంత. పిన్నిది రోజూ పెట్టుకునే కుంకుమ, పావలా కాసంత. సాక్ష్యం పిన్ని మొహాన్నే ఉంది.

నా గుండె చీపురుకట్టలో కొట్టుకుంటోంది. పిన్ని ఒక్కసారి నా వైపు తిరిగితే చాలు, అంతా చెప్పేద్దామనుకున్నాను. తిరిగింది.

"నువ్వు కాదులేవే. నీ కోసమే కదా చీటీ రాసి పెట్టి వెళ్ళాను. 'అద్దం వెయ్యలేదు, ముట్టుకోకు' అని అంత లావు అక్షరాలతో. చూశావు కదా?"

అప్పుడు తెలిసింది చీటీలో ఏముందో.

"చూశాను పిన్నీ. చదివాను" అన్నాను.

ఆ రెండో మాట ఎవరూ అడగలేదు. నేనే కలిపాను. చూశానంటే సరిపోయేది. చదివాననడానికి దొరికిన అవకాశం వదులుకోలేకపోయాను.

"మరి ఇంకేం. నేను వంగినప్పుడు రాలి ఉంటుంది. చూసుకోకుండా చెయ్యి రాసుకుని ఉంటాను" అంది పిన్ని. గళ్ళచొక్కాకి అదే ఇంగ్లీషులో చెప్పి, తన నుదురు తాకి చూపించింది. వేలికి కుంకుమ అంటింది. ఆయన తల ఊపి, బల్ల మీది దీపం ఆర్పేశాడు. కోప్పడి ఉంటే బాగుండేది. పటాలు తెచ్చిన నీలంటోపీ ఆవిడ సాయంత్రం వచ్చి, అవి తన అమ్మమ్మ గదిలోవని, ఆ నలుగురూ నాలుగు ఋతువులని పిన్నికి చెప్పి, మూడు ఋతువుల్నే తీసుకుని వెళ్ళింది. పూలకొమ్మ పట్టుకున్నామె, అంటే వసంతం, మా సొరుగులో ఉండిపోయింది.

సోమవారం నుంచి పిన్నిని ముందు కౌంటర్ చూసుకోమన్నాడు గళ్ళచొక్కా. న్యూయార్కు ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఆ సోమవారం పిన్ని బోసి నుదుటితో వచ్చి, "నీ స్టిక్కర్ల కార్డు ఒకటి ఇలా ఇవ్వవే. కుంకుమతో నా పని అయిపోయింది" అంది. హ్యాండ్‌బ్యాగులోంచి తీసి ఇచ్చాను. పిన్ని అద్దం ముక్కలో చూసుకుంటూ అంటించుకుంది. "వంకరగా ఉందా?" అని అడిగింది. లేదన్నాను.

కాగితాల గది కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, చివరికి నాకే వచ్చింది. నా వేళ్ళు బాగున్నాయని గళ్ళచొక్కా కనిపెట్టాడు. పని చేసి చూపించేవాడు, నేను చేసేదాన్ని, చదవాల్సిన అవసరం రాలేదు. గంజి కాచడం నాకు నేర్పింది మాత్రం పిన్నే. ముందు కౌంటర్ నుంచి, వెనక్కి తిరక్కుండా, "ఉండలు కట్టనీకు, తిప్పుతూ ఉండు" అనేది. రెండు నెలలకి బాబాయికి ఎక్కడో దూరాన అరోరా అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. అంతకుముందు రెండుసార్లు వస్తే పిన్నే వద్దంది. ఈసారి వద్దనలేదు.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటారు మీరు. చెప్పడానికి ముప్పై ఏళ్ళుగా ప్రతి పండక్కీ చేస్తూనే ఉన్నాను. పిన్ని ఫోన్ ఎత్తితే మనకి మాట్లాడే వంతు రావడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో నాకున్న ధైర్యం కాస్తా చల్లారిపోతుంది. మా ఆయన చేత రాయిద్దామా అంటే, అందులో తన సగం కలుపుతాడు. అసలు ఆయనకే ఈ సంగతి చెప్పలేదు. పిన్నికి చెప్పాలంటే ముందు నాకు చదువు రాదని చెప్పాలి, తరవాత బొట్టు సంగతి చెప్పాలి. రెంటిలో ఏది పెద్ద తప్పో నాకప్పుడు తేలలేదు. (మొదటిదే అనుకునేదాన్ని. ఇది తలుచుకుంటేనే ఇప్పుడు సిగ్గేస్తుంది.)

పోయిన చలికాలం, తెలుగు క్లాసులో, నన్ను ఓదార్చే పిల్ల కొత్త సంచీ తెచ్చింది. దాని మీద వసంతం. అదే పూలకొమ్మ, అదే జుట్టు, నుదురు మాత్రం శుభ్రంగా ఉంది. నేను గుడ్లప్పగించి చూస్తుంటే టీచరమ్మ ఫోన్‌లో వెతికి చెప్పింది. ఆ బొమ్మలు వేసినాయన వందేళ్ళ కిందట పారిస్‌లో నాటకాలకీ బిస్కట్లకీ సిగరెట్ కాగితాలకీ పోస్టర్లు వేసి పేరు తెచ్చుకున్నాడట. ఏ సరుకూ అమ్మకుండా ఊరికే గోడకి అందంగా ఉండటానికి ఇలాంటి పొడుగు పటాలు కూడా వేశాడట. (ఆయన పేరు రాయడం లేదు. అందులో వత్తులు ఎక్కడొస్తాయో నాకింకా నమ్మకం లేదు.) ఆయన గీసిన ఆడవాళ్ళు ఇప్పుడు కప్పుల మీదా, ఫ్రిజ్ మ్యాగ్నెట్ల మీదా ఎక్కడ చూసినా ఉన్నారట. "ఏమైంది ఆంటీ, మీకు తెల్సా ఈమె?" అంది టీచరమ్మ. తెలుసన్నాను.

ఆ వారం మొదలుపెట్టి మూడు వారాలు రాశాను పిన్నికి ఉత్తరం. నాలుగు కాగితాలు. నా జీవితంలో మొదటి ఉత్తరం. మొదటి కాగితంలో క్షేమసమాచారాలు, రెండోదానిలో బొట్టు, మూడోదానిలో చీటీ, నాలుగోదానిలో మళ్ళీ క్షేమసమాచారాలు. పోస్ట్ చేసి, పిన్ని ఏమంటుందోనని వారం రోజులు అన్నం సహించక తిరిగాను. వారం తరవాత, ఒక ఆదివారం సాయంత్రం, పిన్నే ఫోన్ చేసింది.

"ఏమే, ఉత్తరం రాశావేంటి? నీకు ఫోన్ పనిచేస్తోందిగా."

"అందిందా పిన్నీ?"

"అంది ఏం లాభం. నా చూపు మధ్యలో మచ్చ పడిందిగా, పక్కల నుంచి తప్ప కనపడదు. మా అమ్మాయికి 'అ' వచ్చు, 'ఆ' దగ్గర ఆగిపోయింది. అల్లుడా, తమిళం. ఫోన్ పెట్టి ఫొటో తీస్తే అదే చదివేస్తుందన్నాడు మనవడు. నీ అక్షరాలు చూసి అది కూడా కళ్ళజోడు మర్చిపోయానంది."

నవ్వాను.

"చిత్తు కాపీ ఉంటే నువ్వే చదువు, వింటా" అంది.

ఉంది. తీసుకొచ్చాను. కూడబలుక్కుంటూ, వేలు పెట్టి, మొదటి కాగితం చదివాను. నా అంతట నేను రాసింది నా అంతట నేను ఒక మనిషికి చదివి వినిపించడం అదే మొదలు. ఒక పక్క గర్వం కూడా వేసింది. రెండో కాగితం తిప్పాను. మొదటి మాట చూశాను. వేలు ఆగింది. కాగితం కింద పెట్టేసి, నాలుగోది తీసి, "బాబాయి మోకాళ్ళు ఎలా ఉన్నాయి, మనవణ్ణి అడిగానని చెప్పు, ఇట్లు" అని ముగించేశాను. చదవడం రాని రోజుల్లో చదివానన్నాను. చదవడం వచ్చాక చదవకుండా దాటేశాను.

"అయిపోయిందా?" అంది పిన్ని.

"అయిపోయింది పిన్నీ."

"నా చేతిలో నాలుగు కాగితాలున్నాయి. నువ్వు చదివింది రెండింటికి మించదు. రెండో కాగితం మీద ఎంత నొక్కి రాశావో, వెనక వైపుకి అక్షరాలు తేలాయి. కళ్ళు పోయాయి గాని వేళ్ళు పోలేదే నాకు. అక్కడేం రాశావు?"

"ఏముంది పిన్నీ, గుడి సంగతులు."

"గుడి సంగతులకి అంత నొక్కుతారా?"

రెండో కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. మా ఇద్దరి మధ్య ఫోన్‌లో అంత నిశ్శబ్దం ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ లేదు.

"సరేలే, నువ్వు చదవద్దు. జానెడంత అక్షరాలైతే పక్క చూపుకి తెలుస్తాయి నాకు. అది పెద్దగా రాసి పంపు. నేనే చదువుకుంటా" అంది. "ఉంటా, అన్నం పెడుతున్నారు."

మర్నాడు పొద్దున్నే, కొట్టు తలుపులు తీసేసరికి వెళ్ళి, పిల్లలు స్కూలు ప్రాజెక్టులకి కొనే పెద్ద తెల్ల అట్టలు పదీ, లావుపాటి నల్ల మార్కర్ ఒకటీ కొన్నాను. హాల్లో బల్ల పక్కకి జరిపి, కార్పెట్ మీద మోకాళ్ళ మీద కూర్చుని, మొదటి అట్ట పరిచాను. మా ఆయన సోఫాలోంచి కాఫీ తాగుతూ, "ఏంటి, ధర్నానా? ఎవరి మీద?" అన్నాడు. మార్కర్ మూత తీసి రాశాను. జానెడు అక్షరం రాయాలంటే భుజం దాకా కదలాలి, ఆ సంగతి ఏ క్లాసులోనూ చెప్పలేదు. అట్ట నిండేసరికి "పిన్నీ, వసంతానికి బొట్టు పెట్టింది" వరకే వచ్చింది, ఇంకో మాటకి చోటు లేదు. వెనక నుంచి చదువుతున్న మా ఆయన కాఫీ కింద పెట్టాడు. రెండో అట్ట తీసి నా ముందు పరిచి, అంచులు లేవకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. దాని మీద ఒక్క మాటే పట్టింది: నేను.